మగ్దలేనే మరియకు న్యాయం

వాక్యం చెప్పే మనిషి కాసేపు పేతురై మాట్లాడితే నాకిష్టం. బెంగళూరు తెలుగు ఆరాధనల్లో ఇది మరీ అవసరం. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లిష్. గ్రాంథికంగా సాగే ప్రసంగం వాళ్లకు అందదు. చలిమంట దగ్గర పేతురు బొంకుతుంటే మాత్రం చెవులు రిక్కించి వింటారు.

మనకిది కొత్త విద్య కాదు. హరిదాసు ఒక్కడే గొంతు మార్చి, చూపు తిప్పి, సభను పాత్రలతో నింపేవాడు. 1967లో ఇదే నగరంలో డి.ఎస్. అమలోర్‌పవదాస్ స్థాపించిన కేథలిక్ కేంద్రం ఎన్‌బీసీఎల్‌సీ కూడా భారతీయ కళలను ఆరాధనలోకి తెచ్చింది.

అయితే పాత్రలోకి దిగినవాళ్లు ఆ పాత్రకు అన్యాయం చేయకూడదు. మగ్దలేనే మరియకు మనం చేస్తున్నది అదే. వేదిక మీద ఆమెను వేశ్యను చేసి, జుట్టు విరబోయించి ఏడిపిస్తాం. సువార్తల్లో ఆమె గురించి ఆ మాట ఎక్కడా లేదు. లూకా 8వ అధ్యాయంలో ఆమె ఏడు దయ్యాల పీడ వదిలిన మనిషి. యోహన్న, సూసన్నలతో కలిసి సొంత సొమ్ముతో యేసు బృందాన్ని పోషించిన మనిషి. అంతకు ముందు అధ్యాయంలో, పరిసయ్యుడి ఇంట్లో అత్తరు పూసిన పాపాత్మురాలైన స్త్రీకి పేరే లేదు. ఆ ఇద్దరినీ ఒకరని 591లో పోప్ గ్రెగరీ చెప్పింది ఒక ప్రసంగంలోనే. 1969 సవరణల్లో కేథలిక్కులు మరియ పండుగ పఠనాల నుంచి ఆ అత్తరు కథను తీసేశారు. మన ఉజ్జీవ సభల్లో అది ఇంకా నడుస్తోంది.

కన్నీళ్ల కోసమే అయితే కల్పన దేనికి? యోహాను 20వ అధ్యాయం తెరవండి. ఇంకా చీకటి ఉండగానే మరియ సమాధి దగ్గరకు వెళ్లింది. రాయి తీసి ఉండటం చూసి పరుగున వచ్చి ఇద్దరు శిష్యులకు చెప్పింది. శిష్యులిద్దరూ వచ్చి, చూసి, ఇళ్లకు వెళ్లిపోయారు. ఆమె కదల్లేదు. ఎదుట ఉన్నది తోటమాలి అనుకుని, దేహం ఎక్కడ పెట్టావో చెబితే నేనే తీసుకుపోతానంది. ఒక పురుషుడి శవాన్ని ఒంటరిగా మోసుకుపోతానన్న ఆడమనిషి! ఆ తెగువను గొంతులో పలికించడం ఏ నటికైనా పెద్ద పరీక్షే.

ఈస్టర్‌కు ప్రసంగాలు, నాటికలు సిద్ధం చేసే పాస్టరుగార్లకు, సండే స్కూల్ టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఆ మరియను చూపించండి.