87 గొప్పదా, 190 గొప్పదా?

2011లో మన దేశంలోకి వచ్చిన రెండో తరం స్విఫ్ట్‌ను మారుతీ రెండు ఇంజన్లతో అమ్మింది. పెట్రోలుది 1197 సీసీ, ఫియట్ రూపొందించిన డీజిల్‌ది 1248 సీసీ. రెండింటికీ సిలిండర్లు నాలుగే, గేర్లు ఐదే, బాడీ ఒకటే. బ్రోచర్లో మాత్రం పెట్రోలు ఎదురుగా 87 పీఎస్, 114 న్యూటన్ మీటర్లు. డీజిల్ ఎదురుగా 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. పవర్ పెట్రోలుకెక్కువ, టార్క్ డీజిల్‌కెక్కువ. మొదటిసారి కారు కొనేవాళ్లకు ఇంజన్ లెక్కలు చెప్పడానికి ఈ జంటకు మించిన పాఠం నాకు కనిపించలేదు. అదే కారులో ఇంజన్ ఒక్కటే మారితే ఏమవుతుందో చూసే అవకాశం తరచూ దొరకదు.

సీసీ సంగతి ముందే తేల్చేయవచ్చు. సిలిండర్లలో పిస్టన్లు ఊడ్చే చోటు మొత్తం ఎంతో చెప్పే కొలత అది. ఇంజన్ ఎంత పెద్దదో చెబుతుంది గానీ ఎంత బలమైనదో చెప్పదు. ఇక్కడ తేడా 51 సీసీ, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

టార్క్ అంటే తిప్పే బలం. టైరు నట్టు విప్పేటప్పుడు స్పానర్ మీద మనం వేసేది అదే. మీటరు పొడవున్న స్పానర్ చివర పది కిలోల బరువు వేలాడదీస్తే నట్టు మీద దాదాపు 98 న్యూటన్ మీటర్లు పడుతుంది. ఆ లెక్కన పెట్రోలు ఇంజన్ బలం పన్నెండు కిలోలకు కాస్త తక్కువ, డీజిల్‌ది పంతొమ్మిదికి కాస్త ఎక్కువ. కానీ నట్టు బిగుసుకుపోయి కదలకపోతే ఎంత బలం వేసినా పని జరిగినట్టు కాదు. ఆ బలంతో ఎంత వేగంగా తిప్పుతున్నామో కూడా కలిపితే వచ్చేది పవర్. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఒక కిలోవాట్ 1.36 పీఎస్. బీహెచ్‌పీకీ పీఎస్‌కీ తేడా ఒకటిన్నర శాతం లోపే కాబట్టి అక్కడ తల బద్దలు కొట్టుకోవద్దు.

అసలు చదవాల్సింది ఆ అంకెల పక్కన చిన్నగా అచ్చయ్యే ఆర్‌పీఎం. పెట్రోలు 87 పీఎస్ ఇచ్చేది 6000 ఆర్‌పీఎం దగ్గర, 114 న్యూటన్ మీటర్లు 4000 దగ్గర. డీజిల్ 75 పీఎస్ 4000 దగ్గర, 190 న్యూటన్ మీటర్లు 2000 దగ్గర. ఊళ్లో నడిపేటప్పుడు ముల్లు ఎక్కువసేపు తిరిగేది 1500, 3000 మధ్యే. మరి 2000 దగ్గర రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. పై లెక్క ప్రకారం డీజిల్ 54 పీఎస్ ఇస్తుంది. పెట్రోలు తన గరిష్ఠ టార్క్ 114నీ అక్కడే ఇచ్చేసిందని ఉదారంగా అనుకున్నా 33 పీఎస్ కూడా రాదు. బ్రోచర్లో పన్నెండు పీఎస్‌లు వెనకబడిన ఇంజన్, మనం రోజూ నడిపే వేగంలో ఇరవైకి పైగా ముందుంది. ఐదుగురు మనుషులతో, సామాన్లతో తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ గేరు దించకుండా లాగే చోట పెట్రోలును దించి, ఇంజన్‌ను అరిపించి నడపాల్సి వచ్చేది ఇందుకే.

ఈ బలం ఎక్కడిది? పిస్టన్ ప్రయాణం పొడవు వల్లనే అనే మాట తరచూ వినిపిస్తుంది. డీజిల్‌ది 82 మిల్లీమీటర్లు, పెట్రోలుది 71.5, నిజమే. అయినా ఆ వాదన నిలవదు. టర్బో లేని పాత ఇండికా డీజిల్ 1405 సీసీ ఉండి కూడా 85 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగింది. స్విఫ్ట్ డీజిల్‌కు బలమిచ్చింది టర్బో. పొగతో తిరిగే ఆ చిన్న చక్రం సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో నెడుతుంది. గాలి పెరిగితే దానికి తగ్గట్టు ఇంధనం మండించవచ్చు.

అలాగని 190ని 114తో భాగించి, డీజిల్ 1.67 రెట్లు లాగుతుందని చెప్పడం తప్పు. పెట్రోలుకు అన్యాయం చేసే లెక్క అది. చక్రానికి చేరే బలాన్ని గేర్లు పెంచుతాయి. 6000 దాకా తిరగగల ఇంజన్‌కు ఎక్కువ రెట్లు పెంచే గేర్లు పెట్టవచ్చు. 4000 దాటితే సన్నగిల్లే డీజిల్‌కు ఆ వెసులుబాటు లేదు. పైగా డీజిల్ కారు బరువు దాదాపు వంద కిలోలు ఎక్కువ. ఖాళీ హైవే మీద చివరి దాకా తొక్కితే పెట్రోలు ఎక్కడా తీసిపోదు.

డీజిల్‌లో ఇంకో లోపం బ్రోచర్లో కనిపించనే కనిపించదు. 190 వచ్చేది 2000 దగ్గర. 1500 దగ్గర టర్బో ఇంకా ఊపందుకోదు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకుతూ పోయేటప్పుడు తొక్కితే ముందు ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు లాగుతుంది. పెట్రోలు తక్కువే ఇచ్చినా అడిగిన వెంటనే ఇస్తుంది. నగరం దాటని వాళ్లకు నేనైతే పెట్రోలే కొనమని చెప్పేవాణ్ణి. వారానికోసారి ఊరెళ్లే కుటుంబానికి మాత్రం మరో ఆలోచన లేకుండా డీజిల్.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతీ డీజిల్ వదిలేసింది. మారుతీ కార్లలో ఈ పోలిక ఇప్పుడు పెట్రోలు ఇంజన్ల మధ్యకే వచ్చింది. 2023లో వచ్చిన ఫ్రాంక్స్‌లో 1197 సీసీ ఇంజన్ 113 న్యూటన్ మీటర్లు 4400 దగ్గర ఇస్తే, 998 సీసీ టర్బో 147.6 న్యూటన్ మీటర్లను 2000 నుంచి 4500 దాకా ఇస్తుంది. సీసీ తక్కువని ఈ రెండోదాన్ని పక్కన పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధ వేస్తుంది. స్విఫ్ట్ డీజిల్‌కు బ్రోచర్లో ఒక్క 2000 అంకె ఉండేది. దీనికి 2500 ఆర్‌పీఎం పొడవున్న మైదానం ఉంది. రెండింటినీ టెస్ట్ డ్రైవ్ అడగండి. మాన్యువల్‌లో మూడో గేరు వేసి, గంటకు నలభై కిలోమీటర్ల దగ్గర, గేరు మార్చకుండా ఎక్సలరేటర్ తొక్కి ఎనభై దాకా వెళ్లండి. ఖాళీ కారు కాకుండా, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లండి.