పదో నంబరు వెనక మనుషులు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే నిజాంపట్నం హార్బర్‌లో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఎనిమిదో తొమ్మిదో అయితే తుపాను పక్కగా పోతుందని. పది అంటే రేవు మీదుగానో మరీ దగ్గరగానో వస్తోందని. పదకొండైతే హెచ్చరిక కేంద్రంతో మాటే తెగిపోయిందని అర్థం!

తెనాలి, రేపల్లె వాళ్లం నంబరు చూసి తలుపులేసుకుంటాం. సముద్రాన్ని లెక్కగట్టేవాళ్ల గొడవ మనకు పట్టదు. నడిసముద్రంలో పసుపు బోయా ఊగిన ఊగునల్లా రాసుకుంటారు. మొత్తం అలల్లో అన్నిటికన్నా ఎత్తయిన మూడో వంతు తీసి సగటు కడతారు. ఆ సగటు రెండు మీటర్లంటే మధ్యలో నాలుగు మీటర్ల అలా లేవొచ్చు. రేవుకు అలలు తగలకుండా కట్టే గట్టుకు వేసే రాయి బరువు తేలేది ఈ లెక్కతోనే. అల ఎత్తు రెట్టింపైతే రాయి ఎనిమిది రెట్లు బరువుండాలి. సగటులో చిన్న తప్పు గట్టునే తినేస్తుంది.

గాలొక్కటే చూస్తే చాలదు. మన తీరం లోతు తక్కువ, తుపాను తోసిన నీళ్లు పోగుపడతాయి. దానికి అమావాస్య పోటు తోడైందా, ఇక చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెనే. అందుకే రేవు పని మొదలుపెట్టేముందు ఏళ్ల తరబడి కొలతలు అడిగే ఇంజనీరును చాదస్తుడనను.