పంచాంగం అంచున ఇంటి చరిత్ర

ఏడాది తిరిగినా పాత పంచాంగాన్ని పారేయని ఇళ్లు మన ఊళ్లలో ఉండేవి. తిథి వార నక్షత్రాల పక్కన మిగిలిన కాస్త ఖాళీలో ఇంటిపెద్ద పెన్సిలుతో ఏవో గీకి పెట్టేవాడు. ఆడపిల్ల పుట్టిన వేళ, ఆవు ఈనిన రోజు, తొలకరి పడిన తేదీ, బాకీ తీర్చిన సంగతి, పాలేరు జీతం ఉగాది నుంచి ఉగాదికి ఎంతకు కుదిరిందీ. చరిత్ర రాస్తున్నానని ఆయన అనుకోలేదు. కానీ మూడు తరాలు గడిచాక ఆ ఇంటి గురించి మిగిలే రాతకోతలు చాలాసార్లు అవే.

మనం ఇప్పుడు రాసుకునే వసంతం వేరు. కోయిల కూత, మామిడి పూత, షడ్రుచులు, జీవితంలో కష్టసుఖాలు... ఇవి అందరివీ. ఇంటిపేరు మార్చి ఎవరికిచ్చినా సరిపోతాయి. మన ఇంటి పండగ మనది మాత్రమే అనిపించేది పనుల్లో. ఏ పని ఎవరు చేశారు, దేనితో చేశారు, ఏ ఏడు చేశారు. ఈ మూడూ పట్టుకుంటే మిగతా కథ వాటి వెంటే వస్తుంది.

చెయ్యి ఆడితే మాట వస్తుంది

"అత్తా, మీ చిన్నప్పుడు ఉగాది ఎలా చేసేవాళ్లు?" అని అడిగితే, "ఏముందిరా, తలంట్లు, కొత్తబట్టలు, పచ్చడి... అందరిలాగే" అని తేల్చేస్తుంది. ప్రశ్న పెద్దదైతే జవాబు చిన్నదవుతుంది. మా మేనత్త దగ్గర నాకు జరిగింది ఇదే. అందుకని ఇంకోసారి పళ్లెంలో వేపపువ్వు పోసి ఆమె ముందు పెట్టి, ఫోన్‌లో రికార్డింగు నొక్కి పక్కన పెట్టాను. ఆమె పువ్వును అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరేస్తూ తనంతట తానే మొదలుపెట్టింది.

"మా అమ్మ కొమ్మ విరవనిచ్చేది కాదు. రాత్రి చెట్టుకింద చాప పరిచేది. తెల్లారేసరికి రాలిందే మాకు పచ్చడి. ఒక ఏడు ఆమె పురిటికి అమ్మమ్మ గారింటికెళ్లింది. పచ్చడి నేనే కలిపాను, ఉప్పు మర్చిపోయాను. ఎవరూ ఏమీ అనలేదు. మీ తాతయ్య మాత్రం ఇంకాస్త వేయించుకున్నాడు."

ఈ నాలుగు మాటల్లో ఒక ఇంటి నియమం ఉంది, ఒక తండ్రి స్వభావం ఉంది, ఒక తమ్ముడు పుట్టిన ఏడు కూడా ఉంది. పండగ గురించి అడిగి కూర్చుంటే వీటిలో ఒక్కటీ వచ్చేది కాదు.

కొలతలూ ఇలాగే రాబట్టాలి. "చింతపండు ఎంత?" అంటే "నిమ్మకాయంత" అంటారు. వాళ్ల చేత తీయించి తూకం వెయ్యండి. గ్రాములూ రాయండి, నిమ్మకాయంత అన్న మాటా ఉంచండి. పచ్చడి చిక్కగా కలుపుతారా, తెలంగాణలో చాలా ఇళ్లలోలా కొత్తకుండలో పల్చగా కలిపి తాగుతారా? కారానికి పచ్చిమిరపా, మిరియమా? పండగపూట చేసేవి బొబ్బట్లా, భక్షాలా, ఓళిగలా? పెళ్లయి వచ్చిన ఆడవాళ్లకు పుట్టింటి పద్ధతి ఒకటి, మెట్టినింటి పద్ధతి ఒకటి తెలిసి ఉంటాయి. ఏది ఎప్పుడు వదిలారో, ఎవరి మాట మీద వదిలారో అడగండి. వంటింటి చరిత్రలో సగం అక్కడే దొరుకుతుంది.

ఏ ఏడు?

పెద్దవాళ్లకు ఇంగ్లీషు సంవత్సరం గుర్తుండకపోవచ్చు గానీ తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటుంది. ఊళ్లు తమ కష్టాలను గుర్తుపెట్టుకున్నదీ అలాగే. 1832-33 నాటి గుంటూరు కరువు నందన కరువైంది. 1876లో మొదలైన మహాక్షామం ధాత కరువైంది. చిక్కల్లా పేర్లు అరవయ్యే ఉండటం, అవే మళ్లీ తిరిగి రావడం. పింగళ అంటే 1977 కావచ్చు, 1917 కావచ్చు. పక్కనే ఇంకో ఆనవాలు అడిగితే చిక్కు వీడిపోతుంది. ఉప్పెన వచ్చిన ఏడేనా అంటే అది దివిసీమను ముంచిన 1977 నవంబరు.

పంచాంగ శ్రవణం మరో ఆధారం ఇస్తుంది. ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతే ఆ ఏటికి రాజు. "ఆ ఏడు శని రాజు, వానలు పడవని భయపడ్డాం" అని తాతయ్య అన్నాడంటే అది శనివారం ఉగాది. సంవత్సరం పేరూ, వారమూ దొరికితే తేదీ పట్టేయొచ్చు. మనం కళ్లారా చూసినదాంట్లో శార్వరి ఉంది. 2020 మార్చి 25, బుధవారం, రాజు బుధుడు. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజది. ఆ రోజు మీ ఇంట్లో మామిడికాయ దొరికిందా, వేపపువ్వు ఎవరు తెచ్చారు, ఎవరు ఏ ఊళ్లో ఇరుక్కుపోయారు? ఇప్పుడు రాసుకుంటే అందరికీ గుర్తుంది. ఇంకో పదేళ్లకు ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు.

అలా కాదన్నప్పుడు తీర్పు చెప్పకండి. అన్నది ఒకలా, చెల్లెలిది ఒకలా ఉంటే రెండూ రాసి, ఎవరి మాట ఎవరిదో పేరు పెట్టండి.

పందిట్లో ఎవరున్నారు, ఎవరు లేరు

శ్రీరామనవమి జ్ఞాపకాలు ఇల్లు దాటి వీధిలోకి వస్తాయి. తాటాకుల పందిరి, పానకం బిందెలు, వడపప్పు, భద్రాచలం కల్యాణానికి రేడియోలో ఉషశ్రీ వ్యాఖ్యానం. రేడియో ఎవరింట్లో ఉండేది, చుట్టూ ఎవరు కూర్చునేవారు? పానకంలోకి మిరియాలు దంచిందెవరు? అదే పందిట్లో పానకం అందరికీ ఒకే గ్లాసుతో పోశారా, కొందరికి దూరం నుంచి దోసిట్లో పోశారా? ఈ ప్రశ్న అడగడం ఇబ్బందే. అడక్కపోతే మనం రాసింది ముగ్గులేసిన గుమ్మం వరకే ఆగిపోతుంది.

తెలుగు వసంతం ఒక్క మతానిదే కాదు. మట్టల ఆదివారం నాడు కొమ్మలు ఎక్కణ్ణుంచి తెచ్చేవారో, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు ఎవరెవరు వెళ్లేవారో క్రైస్తవ ఇళ్లకు తెలుసు. చాంద్రమానంతో ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కి జరిగే రంజాన్ పండగ 2025లో ఉగాది మర్నాడే వచ్చింది. కడపలో ఉగాది రోజున ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి వెళ్లి మొక్కుకునే ఆనవాయితీ ఉంది. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి కట్టెలు పోగేసిన పిల్లల దగ్గర ఎవరి దొడ్డి నుంచి ఏం ఎత్తుకొచ్చారన్న జాబితా ఇప్పటికీ ఉంటుంది.

పండగ చెయ్యని ఏళ్లనూ వదలకండి. ఇంట్లో మనిషి పోయి ఏటిసూతకం ఉన్న ఉగాది, మామిడాకులు కట్టని గుమ్మం, పక్కింటివాళ్లు పంపిన పచ్చడి. పండగ చేసుకున్న ఏళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి గానీ, మానేసిన ఏడు విడిగా నిలబడుతుంది.

దాచుకోవడం

ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. సిరా కాలక్రమేణా ముందువైపుకు ఊరుతుంది. ఎవరెవరు ఉన్నారన్నదే కాదు, ఫొటో తీసిందెవరు, ఆ సమయంలో వంటింట్లో ఉండిపోయిందెవరు అన్నదీ రాయండి. రికార్డు చేసిన మాటను కాగితం మీద పెట్టేటప్పుడు పుస్తకభాషలోకి దిద్దకండి. అత్త "ఎళ్లాను" అంటే అలాగే ఉండనివ్వండి. ఫైలుకు సంవత్సరం, పండగ, ఊరు, చెప్పినవారి పేరు తగిలించండి. ఫోన్‌లో ఒక్కచోటే ఉన్నది దాచినట్టు కాదు. ఇంకో ఇంట్లో ఇంకో ప్రతి ఉండాలి. చెప్పినవారు వద్దన్నది మాత్రం ఏ ప్రతిలోనూ ఉండకూడదు.

ఇక ఎప్పుడు రాయాలంటే, రోజు ఎలాగూ ఉంది. ఉగాది సాయంత్రం గుళ్లో సిద్ధాంతి రాబోయే ఏటికి ఒక్కో రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం లెక్కగట్టి చదువుతాడు. ఇంటికొచ్చాక అవే నాలుగు గడులు గీసి, గడిచిన ఏటికి మనం నింపుకోవచ్చు. ఇంట్లోకి ఏం వచ్చింది, ఏం పోయింది, ఎవరు మనల్ని ఆదరించారు, ఎక్కడ మనసు నొచ్చుకుంది. కింద ఆ పూట పచ్చడి ఎవరు కలిపారో ఒక ముక్క. నిరుటి పేజీని ఇంట్లో చిన్నవాళ్ల చేత చదివించండి. ఇంటి సంగతులు వాళ్ల నోటికి వస్తాయి. పనిలో పనిగా సిద్ధాంతి నిరుడు చెప్పింది ఎంతవరకు నిజమైందో కూడా తేలిపోతుంది.