మేడమీది ఎండ, వీధి చివరి నీడ
(ముందుమాట)

హైదరాబాదు పచ్చదనం మీద పుస్తకం అనగానే కేబీఆర్ పార్కు నెమళ్ళూ, పబ్లిక్ గార్డెన్స్ వైభవమూ ఉంటాయనుకుని రాతప్రతి విప్పాను. అవన్నీ ఒక్క అధ్యాయంతో సరి. మిగతా పుస్తకమంతా పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళ శ్లాబు కిందా, కాలనీ చివర తాళం వేసిన పార్కు గేటు దగ్గరా నడుస్తుంది. ఆర్కిటెక్చరు చదివిన ఈ అమ్మాయి అద్దాల మేడల మీద మోజు పడకుండా, చెమట పట్టే ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. నాకు మొదట నచ్చింది అదే.

ఈ ఊరికి ప్లాన్లు కొత్త కాదు. 1908లో మూసీ ముంచెత్తిన తరువాత విశ్వేశ్వరయ్యగారు వచ్చారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టి, ఇరుకు బస్తీల చోట గాలీ వెలుతురూ ఆడే ఇళ్ళు కట్టించే పని పెట్టుకుంది. తరువాత ఇల్లు ఒక శాఖకి, పార్కు మరో శాఖకి పోయాయి. ఒకళ్ళ ఫైలు ఇంకొకళ్ళకి తెలియదు. ఈ రెండూ ఒకే లెక్కలోవని రచయిత్రి వాదన. వైశాఖంలో రాత్రి పదింటికి కూడా శ్లాబు సెగ కక్కుతుంటే మనిషి కిందికి దిగి ఎక్కడ కూర్చోవాలి? ఆ కూర్చునే చోటు లేకపోతే ఆ ఇల్లు సగమే కట్టినట్టు, అంటుంది. నేనూ అంతే అంటాను.

హరిత భవనాల విషయంలో మనం వెనకబడినవాళ్ళమేమీ కాదు. హైటెక్ సిటీ దగ్గర సీఐఐ వాళ్ళు కట్టిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి లీడ్ ప్లాటినం రేటింగు వచ్చింది. అంతకు ముందు అమెరికా బయట ఏ భవనానికీ అది రాలేదు. అందులో గొప్ప రహస్యాలేమీ లేవు. జాలీ గోడలు, మధ్యలో ముంగిలి, కప్పు మీద గడ్డి, వాడిన నీళ్ళు శుద్ధి చేసి మళ్ళీ చెట్లకి. మన పాత మండువా ఇంటికి ఇందులో సగం తెలుసు. ఇప్పుడు ఆ రేటింగు గేటెడ్ కమ్యూనిటీల హోర్డింగుల మీద ఆకుబొమ్మగా వెలుగుతోంది. ధర చూస్తే అది ఎవరి కోసమో తెలిసిపోతుంది.

పుస్తకానికి ఆయువుపట్టు కూల్‌రూఫ్ అధ్యాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన విధానం ప్రకారం ప్రభుత్వ భవనాలకీ, వాణిజ్య భవనాలకీ, 600 గజాలూ అంతకు పైబడిన ఇళ్ళకీ ఎండను వెనక్కి కొట్టే కప్పు తప్పనిసరి. అంతకు తక్కువైతే మీ ఇష్టం. మంచి విధానమే, కాదనను. కానీ అరవై గజాల్లో సిమెంటు రేకుల కింద కాపురముండేవాడి సంగతేమిటని ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు లేదు. తెల్లసున్నం రెండు పూతలు వేసినా లోపల వేడి తెలిసేంతగా తగ్గుతుంది. ఆ సున్నం ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అద్దెకున్నవాడు పెట్టడు, ఇంటాయన ఆ ఇంట్లో ఉండడు. ఈ పేచీని ఇంత సూటిగా రాసినవాళ్ళని నేను చూడలేదు.

పార్కుల భాగం చదువుతుంటే కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది. లేఅవుట్ వేసేటప్పుడు పదోవంతు జాగా ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి మునిసిపాలిటీకి అప్పగించాలి. కాగితం మీద పార్కు, నేల మీద షెడ్డు. అలాంటివి విడిపించడానికి 2024లో హైడ్రా అనే ప్రత్యేక వ్యవస్థే పెట్టాల్సివచ్చింది. దక్కిన పార్కులకైనా మనం చేసే బాగుచేత చూడండి. వేపచెట్టు మొదలుదాకా టైల్స్ పరిచి, చుట్టూ సిమెంటు గట్టు కడతాం. చినుకు ఇంకడానికి జానెడు మట్టి మిగలదు. ఆనక గేటు పక్కన ఇంకుడుగుంత తవ్వి బోర్డు పెడతాం! త్వరగా పెరుగుతుందని వరసగా కోనోకార్పస్ నాటాం, చివరికి ప్రభుత్వమే అది నాటొద్దని చెప్పింది. పొద్దున నడిచేవాళ్ళు వెళ్ళిపోగానే తాళం. మిట్టమధ్యాహ్నం పనిమనుషులూ, డెలివరీ కుర్రాళ్ళూ ప్రహరీ బయట సన్నటి గోడనీడలో కూర్చుని అన్నం తింటుంటారు. లోపల బెంచీలు ఖాళీ.

ఒక్క లోటు చెప్పకపోతే పెద్దవాణ్ణై ఉండి మొహమాటపడినట్టవుతుంది. కొల్లూరులో ప్రభుత్వం పేదల కోసం కట్టించగా 2023లో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళ గురించి ఈ పుస్తకంలో నాలుగు పేజీలే ఉన్నాయి. బస్తీలో అరుగు మీద బతికినవాళ్ళు అన్నేసి అంతస్తులు ఎక్కాక వాళ్ళకి చెట్టుకింద చోటెక్కడన్నది ఈ పుస్తకం అడగవలసిన మొదటి ప్రశ్న. మలిముద్రణకైనా ఆ నాలుగు పేజీలు నలభై కావాలి. అమ్మాయీ, ఇది ఆశీస్సుతోపాటు నీకు నేనప్పగిస్తున్న పని.

పాఠకులకి ఒక మనవి. ఈ పుస్తకం పూర్తి చేశాక మీ కాలనీ లేఅవుట్ నకలు ఒకటి తీయించుకోండి. అందులో పార్కని రాసిన జాగా ఎక్కడుందో స్వయంగా వెళ్ళి చూసి రండి. అక్కడ పార్కే ఉంటే, మధ్యాహ్నం తాళం తీసి ఉంచమని మీ సంఘానికి ఒక అర్జీ పెట్టండి.