చిట్టెం చెప్పే చరిత్ర

2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ఇనుము ప్రాచీనత మీద ఒక నివేదిక విడుదల చేసింది. తూత్తుకుడి జిల్లా శివగళైలో ఇనుము దొరికిన సమాధుల కాలం క్రీ.పూ. 3345 దాకా వెళ్తుందని అందులో ఉంది. ఇనుము పడమటి నుంచి ఆర్యుల వెంట వచ్చిందన్న పాత పాఠానికి ఇది దెబ్బే. సంతోషం. కానీ 'మేమే ముందు' అనే పందెంలో మనమూ చప్పట్లు కొట్టి ఊరుకోవాలా?

మొదట సాక్ష్యం సంగతి. అక్కడ లెక్కగట్టింది ఇనుము వయసు కాదు, దానితో పాటు దొరికిన బొగ్గు, కుండపెంకుల వయసు. పైగా ఇనుప వస్తువు దొరకడం వేరు, రాతి నుంచి ఇనుము తీయడం వేరు. ఈజిప్టులోని గెర్జె సమాధుల ఇనుప పూసలు సుమారు క్రీ.పూ. 3200 నాటివి. అవి ఉల్క ఇనుముతో చేసినవని 2013లో తేలింది.

ఇనుము తీశారనడానికి గట్టి రుజువు చిట్టెం. ఇనుపరాతిని బొగ్గుతో కలిపి బట్టీలో పేర్చి, తిత్తులతో ఊది, సుమారు 1200 డిగ్రీల వేడి తెస్తే మడ్డి కరిగి చిట్టెంగా కారుతుంది. గుల్లగుల్లగా ఇనుప ముద్ద మిగుల్తుంది. దాన్ని సమ్మెటతో కొట్టి కొట్టి బాగుచెయ్యాలి. ఉత్తరప్రదేశ్‌లోని మల్హర్‌లో బట్టీలు, గాలిగొట్టాలు, చిట్టెం, పనిముట్లు అన్నీ బయటపడ్డాయి. ఆ ప్రాంతపు ఇనుము క్రీ.పూ. 1800 దాకా వెళ్తుందని రాకేశ్ తివారి 2003లో రాశారు. తమిళనాడులో కొడుమణల్ బట్టీలున్నాయి గానీ, అవి శివగళై తేదీలకు చాలా తర్వాతివి. తేదీలో చిన్నదైనా, పనిచేసిన చోటు చూపిస్తుంది కాబట్టి మల్హర్ సాక్ష్యమే బరువైందని నేనంటాను.

రెండోది మనుషుల సంగతి. రాయి తవ్విందెవరు, బొగ్గు కాల్చిందెవరు, తిత్తి ఊదిందెవరు? ఈ పందెంలో నాగరికతల పేర్లే వినపడతాయి. తర్వాతి కాలంలో మనుస్మృతి కమ్మరి అన్నం తినొద్దంది, చండాలుల నగలు ఇనుపవే కావాలంది. ఇనుము కావాలి, ఇనుము చేసిన చెయ్యి పనికిరాదు! మన ప్రాచీన లోహవిద్య గురించి గర్వంగా చెప్పేవాళ్లు ఈ ముక్క కలపరు.

అలాగని శివగళై సమాధుల్లో ఉన్నది మావాళ్లేనని నేననను. ఎముక మీద కులం రాసి ఉండదు. తర్వాత పుట్టిన కులాన్ని వేల ఏళ్లు వెనక్కి మోసుకెళ్తే మనమూ అదే తప్పు చేసినట్టు. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. పుస్తకం కన్నా ముందు కొడవలి పట్టినవాణ్ణి. అందుకే తవ్వేవాళ్లను అడిగేదొక్కటే: సమాధుల దగ్గరే ఆగిపోకండి, చిట్టెం కుప్పల దాకా రండి. ఎప్పుడు అని అడిగిన నోటితోనే ఎవరు, ఎలా అని కూడా అడగండి.