ఆగిపోయిన చోటే ఆట

ఈ వారం నాకు ఒళ్లు మండిన సంగతొకటి చెప్పాలి. స్నేహితుడి ఇంటికి వెళ్తే, ఇంజనీరింగ్ చదివే వాళ్లబ్బాయి ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’ ఆడుతున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఆట, పక్కన ఫోన్‌లో అదే ఆటను ఎవరో మొదట్నుంచి చివరిదాకా ఆడి చూపిస్తున్న వీడియో. అందులో ఏది నొక్కితే వీడూ అదే నొక్కుతున్నాడు. “ఎలా ఉందిరా?” అంటే, “బానే ఉందంకుల్, కానీ పాతవాటంత లేదంటున్నారు” అన్నాడు.

ఎవరంటున్నారు? ఒక్క పజిల్ దగ్గరైనా ఆగి తల గోక్కోనివాడికి అది పాతవాటంత ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నా పాత పాట మీకు తెలిసిందే. అడ్వెంచర్ గేమ్‌కి ప్రాణం బొమ్మల్లో లేదు, కథలో కూడా సగమే ఉంది. మిగతాదంతా దారి తోచక ఇరుక్కుపోవడంలోనే ఉంది. ఈ నమ్మకం నాకు ఎక్కడ పట్టుకుందో కూడా చెప్తాను.

1990లో వచ్చిన మొదటి ఆట ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ని మేం పిన్ని వాళ్లింట్లో, అన్నయ్య కంప్యూటర్ మీద ఆడాం. అందులో ఒకచోట షెరీఫ్ మన హీరో గైబ్రష్ త్రీప్‌వుడ్‌ని ఓ విగ్రహానికి తాడుతో కట్టి సముద్రంలోకి తోసేస్తాడు. అడుగున నిలబడి ఉంటాడు పాపం. చుట్టూ తాడు కోయడానికి పనికొచ్చే పదునైన వస్తువులు బోలెడు. ఏదీ చేతికందదు. ఎటు నడిచినా తాడు కాస్త పొట్టే. పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని అంతకుముందే గొప్పలు చెప్పుకుని ఉంటాడు. అది అబద్ధం కాదు, పది నిమిషాలు దాటితే నిజంగానే చచ్చిపోతాడు. ఆ ఆటలో అతను నిజంగా చచ్చేది అక్కడొక్కచోటే. అడుగడుగునా ఆటగాణ్ణి చంపే ఆటలంటే దాన్ని తయారుచేసిన రాన్ గిల్బర్ట్‌కి గిట్టదు. వాటి మీద 1989లోనే ఒక ఘాటైన వ్యాసం రాశాడు.

మేం ఆ కత్తి దగ్గరికెళ్లాం, ఈ కత్తి దగ్గరికెళ్లాం. పిన్ని అన్నానికి పిలిచినా కదల్లేదు. రాత్రి లైటు తీసేశాక చీకట్లోంచి అన్నయ్య గొంతు: “ఒరేయ్, తాడెందుకురా కొయ్యడం? ఆ బొమ్మనే ఎత్తుకుని వచ్చేస్తే?” పొద్దున లేచి అదే చేశాం. గైబ్రష్ విగ్రహాన్ని తీసి దగ్గర పెట్టుకుని ఒడ్డెక్కేశాడు. ఆ కత్తులన్నీ మన కన్నుని అటు లాగడానికే పెట్టారన్నమాట. జవాబు మొదట్నుంచీ మన కాళ్ల దగ్గరే ఉంది. ఆ రాత్రి ఎవరైనా చెప్పేసి ఉంటే నాకీ ఆట ఇవాళ గుర్తుండేది కాదు.

గిల్బర్ట్ రెండో ఆట 1991లో చేశాడు, తర్వాత లూకాస్‌ఆర్ట్స్ కంపెనీ వదిలేశాడు. 1997లో వచ్చిన మూడోది, ఆ తర్వాతివీ వేరేవాళ్ల చేతుల్లో నడిచాయి. 2022లో డేవ్ గ్రాస్‌మన్‌తో కలిసి ఈ ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’ కోసం మళ్లీ పగ్గాలు పట్టి, 1991లో కథను ఎక్కడ వదిలాడో సరిగ్గా అక్కణ్ణుంచే అందుకున్నాడు. రెక్స్ క్రోల్ వేసిన బొమ్మల మీద ట్రైలర్ రాగానే తిట్లు కురిశాయి. నాకైతే కోణాలు తిరిగిన ఆ ముఖాలు, ఆ రంగులు మొదటి అరగంటలోనే అలవాటైపోయాయి.

నన్ను కలవరపెట్టింది వేరే. ఇందులో సామాన్ల సంచీలోనే ఒక హింట్ బుక్ ఉంటుంది. ఇరుక్కుంటే తెరిచి చూసుకోవచ్చు. గిల్బర్ట్ కూడా ఇలా లొంగిపోయాడా అనుకున్నాను.

తెరిచి చూస్తే అదీ పజిల్ తయారుచేసిన చేత్తోనే రాసిన పుస్తకం. మొదటి పేజీలో జవాబుండదు. మనం చూడాల్సిన వైపుకి ఒక చిన్న సైగ ఉంటుందంతే. చాలకపోతే ఇంకో సైగ, అది కూడా మనం అడిగితేనే. విలన్ లెచక్ ఓడలో పనికి కుదరాలంటే నేల తుడిచే మాప్ కావాలి, మాప్ కోసం ఒక చెట్టుని వెతకాలి. అక్కడ నేను చిక్కుకుని ఒక్క సైగ తీసుకున్నాను. పుస్తకం మూసేసి, మిగతాది నేనే తేల్చుకున్నాను. ఆ రాత్రి చీకట్లో అన్నయ్య అన్నది కూడా అలాంటి మాటే కదా!

అందుకే ఆ అబ్బాయికి హింట్ బుక్ వాడమనే చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి, హార్డ్ మోడ్‌లో మళ్లీ మొదలెట్టమన్నాను. నాకు మార్కులు కొయ్యాలనిపించేది ఆ సంచీలోనే ఉండే ఇంకో వస్తువు దగ్గర, చెయ్యాల్సిన పనుల జాబితా దగ్గర. అది మనం అడక్కుండానే నిండుతూ పోతుంది. ఏం చెయ్యాలో తోచక ఊరంతా తిరుగుతూ, కనబడ్డ ప్రతివాడితోనూ మాట్లాడే ఆ పూటల్ని ఈ కొత్త ఆటలో ఆ జాబితానే మింగేసింది.