తల ఎత్తించి తల దించే రంగస్థలం

రాయలసీమ నాటకశాల అనగానే 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన తెరల వైభవం గుర్తొస్తుంది. రేణిగుంట దాటి పుత్తూరు, నగరి వైపు వెళితే గోడలూ కప్పూ లేని నాటకశాల ఇంకొకటుంది. ద్రౌపదిని కొలిచే ధర్మరాజుల గుడి ముందరి మైదానమే అది. ఊరు భారతం పెట్టినప్పుడు, చాలాచోట్ల పద్దెనిమిది పర్వాలకు పద్దెనిమిది రోజులు, అది రంగస్థలమవుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. పరిశోధకుడు ఆల్ఫ్ హిల్టెబీటెల్ 1988లో ద్రౌపది ఆరాధన మీద వెలువరించిన గ్రంథం తమిళనాట జింజీ సీమ చుట్టూ నడుస్తుంది. ఆ సంప్రదాయమే ఇక్కడ తెలుగు గొంతుతో పలుకుతుంది.

వేషం రాక చూడాలి. ఇద్దరు పట్టుకున్న తెర వెనక ముందు గజ్జెలు వినిపిస్తాయి. తర్వాత కిరీటం అంచు, ఆ తర్వాత కళ్లు. మనిషి రాజుగా మారడానికి ఇంత వ్యవధి ఇచ్చే నాటకం నాకు మరొకటి తెలియదు.

అయినా ఈ రంగస్థలం అసలు ప్రతిభ అర్జున తపస్సులో ఉంది. మైదానం నడుమ తాటిచెట్టంత మాను నిలబెడతారు. అర్జున వేషధారి పాడుకుంటూ, ఆగుతూ, పైపైకి ఎక్కుతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో వరపడి, అంటే వరం కోసం నేల మీద సాగిలపడి, ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మపండు కోసం కొంగులు చాస్తారు. ఆయనది వేషమే, వాళ్ల కోరిక మాత్రం వేషం కాదు. ఆ రెండింటి మధ్య గీత గీయడం ఏ లాక్షణికుడికి సాధ్యం?

కొన్నాళ్లకు అదే నేల మీద దుర్యోధనుడు మట్టిబొమ్మగా వెల్లకిలా పడుకుంటాడు. భీముడు ఆ మహాకాయం చుట్టూ దుర్యోధన వేషధారిని తరుముతాడు, బొమ్మ తొడ పగలగొడతాడు, ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది జుట్టు ముడి పడుతుంది. సాయంత్రం అగ్నిగుండం. తపస్సునాడు మెడలు నొప్పెట్టేలా ఆకాశంలోకి చూసిన జనమే, ఇప్పుడు కాళ్ల దగ్గర కూలిన రాజరికాన్ని తలదించి చూస్తారు. ఆశను నిలువుగా, పతనాన్ని అడ్డంగా కట్టి చూపిన ఈ అమరిక ముందు పెద్ద పెద్ద ఆడిటోరియాలు నాకు చిన్నవిగా కనిపిస్తాయి.

మీ దగ్గర్లో భారతం పెడితే దుర్యోధన వధ ఒక్కటే చూసి వచ్చేయకండి. తపస్సునాడే వెళ్లండి, మాను కింద నిలబడండి. ఆ ఎత్తు చూసినవాళ్లకే ఈ పతనం పూర్తిగా అందుతుంది.